పాత ఫొటోలోని మెషీన్ గన్‌ను గుర్తించి, ఊరి చరిత్రలో సరిగా రాయడం ఎలా

గోదావరి డెల్టాలో తమ ఊరి చరిత్రనో ఇంటి చరిత్రనో రాయడానికి పూనుకున్నవారు మొదటి ప్రపంచ యుద్ధం దగ్గరికి వచ్చేసరికి తరచుగా ఒకే చోట తడబడతారు. యూనిఫాంలో ఉన్న ముత్తాత ఫొటో ఒకటి ఉంటుంది. పక్కన మూడు కాళ్ల పీట మీద ఏదో ఆయుధం ఉంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని మరతుపాకి అంటారు. రాసేవారు ఆ ఒక్క మాటతో సరిపెట్టి తరువాతి పేరాకు వెళ్లిపోతారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరు. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం నుంచి ఎవరైనా వెళ్లి ఉంటే వారు వేరే సైన్యంలో, వేరే ఆయుధాల మధ్య పనిచేసి ఉంటారు. కొద్ది మైళ్ల దూరంలోనే రెండు సామ్రాజ్యాలు ఉన్న ప్రాంతం మనది కనుక, ఆ ఆయుధం ఏదో తెలుసుకుంటే మనిషి ఏ సైన్యంలో, ఏ కాలంలో, ఏ పనిలో ఉన్నాడో కొంత తెలుస్తుంది. ఆ పని ఎలా చేయాలో, అందుకు తొలినాటి మెషీన్ గన్ల చరిత్రలో ఏమేమి తెలిసి ఉండాలో ఇక్కడ వివరిస్తాను.

మొదట ఒక అలవాటు మానుకోవాలి. ఆయుధాల చరిత్రను కనిపెట్టినవారి పేర్లు, నిమిషానికి పేలే తూటాల సంఖ్యలు అనే పట్టికగా చదివితే ఏదీ గుర్తుండదు, ఫొటో ముందు పెట్టుకుంటే అదేమీ ఉపయోగపడదు. దానికి బదులు ప్రతి ఆయుధాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి. దాన్ని ఏ శక్తి నడుపుతోంది? తూటా లోపలికి ఎలా వస్తోంది? పుట్టిన వేడి ఎటు పోతోంది? దాన్ని ఎవరు, ఎంతమంది మోస్తున్నారు? 1860 నుంచి 1918 వరకు వచ్చిన మార్పులన్నీ ఈ నాలుగు ప్రశ్నలకు మనుషులు వెతికిన జవాబులే. పైగా ప్రతి జవాబూ ఆయుధం పైరూపంలో ఒక గుర్తును వదిలింది కాబట్టి, వందేళ్ల నాటి మసక ఫొటోలో కూడా దాన్ని పట్టుకోవచ్చు.

నడిపే శక్తి

వరసగా పేలే తుపాకి కావాలన్న కోరిక చాలా పాతది. లండన్‌లో జేమ్స్ పకుల్ అనే న్యాయవాది 1718లోనే తిరిగే సిలిండరు గల తుపాకికి పేటెంటు తీసుకున్నాడు. అది చెకుముకి రాతితో పేలే కాలపు వస్తువు కాబట్టి ముందుకు సాగలేదు. అసలు అడ్డంకి తూటాలోనే ఉంది. 1857 తిరుగుబాటు చదివిన ప్రతివారికీ కొవ్వు పూసిన కాగితపు తూటాల సంగతి తెలుసు. సిపాయి దాన్ని పంటితో కొరికి, మందు గొట్టంలో పోసి, గుండును కూరవలసి వచ్చేది. ఈ పనులన్నీ మనిషి చేతితో చేయవలసినంత కాలం యంత్రానికి చోటు లేదు. మందు, గుండు, నిప్పు రవ్వ పుట్టించే మూత, ఈ మూడూ ఒకే లోహపు గొట్టంలో ఇమిడిన తూటా వచ్చాకే యంత్రం తనంతట తాను తూటాను అందుకుని, పేల్చి, ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరివేయగలిగింది. మెషీన్ గన్ చరిత్ర రాసేవారు ఈ ఇత్తడి తూటాకు ఒక్క వాక్యమైనా కేటాయించాలని నా గట్టి అభిప్రాయం.

రిచర్డ్ గాట్లింగ్ 1862లో అమెరికాలో పేటెంటు పొందిన తుపాకిలో ఆరు గొట్టాలు ఒక ఇరుసు చుట్టూ తిరుగుతాయి. వెనుక ఉన్న పిడిని మనిషి తిప్పుతాడు. ఒక్కో గొట్టం ఒక చోట తూటా అందుకుని, మరో చోట పేలి, ఇంకో చోట ఖాళీ అవుతుంది. గొట్టాలు వంతులవారీగా పేలడం వల్ల ఒక్కోదానికి చల్లారే వ్యవధి కూడా దొరుకుతుంది. అమెరికా సైన్యం దీన్ని 1866లో స్వీకరించింది. తరువాత వచ్చిన గార్డ్నర్, నార్డెన్‌ఫెల్ట్ తుపాకులు కూడా పిడితోనో మీటతోనో నడిచేవే. కాబట్టి ఫొటోలో గొట్టాల గుత్తి, చక్రాల బండి, చేతిపిడి కనిపిస్తే అది మొదటి ప్రపంచ యుద్ధం కంటే ముందు తరానిదని నిశ్చయించవచ్చు. వీటికి మొరాయించే జబ్బు ఉండేది. రెండో అఫ్ఘాన్ యుద్ధంలో, 1879లో, చరాసియా దగ్గర బ్రిటిష్ ఇండియా సైన్యం తీసుకెళ్లిన గాట్లింగులు మొరాయించాయి. 1885 జనవరిలో సూడాన్‌లోని అబూ క్లియా దగ్గర గార్డ్నర్ తుపాకి సరిగ్గా శత్రువు మీద పడే క్షణంలో బిగుసుకుపోయి, దాన్ని నడుపుతున్న నావికుల ప్రాణాలు తీసింది.

మనిషి చెయ్యి అవసరం లేకుండా చేసినవాడు హైరమ్ మాగ్జిమ్. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఈయన, తుపాకి పేలినప్పుడు భుజాన్ని వెనక్కి తన్నే శక్తి వృథాగా పోతోందని గ్రహించి, 1884 నాటికి ఆ తన్నుతోనే యంత్రాన్ని నడిపి చూపించాడు. పేలిన మరుక్షణం గొట్టమూ దాని వెనుక తలుపూ కలిసి కొద్దిగా వెనక్కి జరుగుతాయి, గొట్టం ఆగిపోతుంది, తలుపు ఇంకా వెనక్కి పోతూ ఖాళీ తూటాను లాగేసి కొత్తదాన్ని అందుకుంటుంది, బిగిసిన స్ప్రింగు దాన్ని మళ్లీ ముందుకు తోస్తుంది. మీట నొక్కి ఉంచినంతసేపు ఇదే వరస నిమిషానికి దాదాపు 600 సార్లు జరుగుతుంది. రెండో మార్గం గొట్టంలోని వాయువును కొంత పక్కకు మళ్లించి దానితో యంత్రాన్ని నడపడం. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1895 నాటి కోల్ట్ తుపాకి, ఫ్రాన్సులోని హాచ్‌కిస్ సంస్థ తుపాకులు ఈ దారి పట్టాయి.

దీనికి తోడుగా వచ్చిన మరో మార్పును చాలామంది రాయడం మరిచిపోతారు. నల్లమందు పేలితే దట్టమైన పొగ కమ్మి ఎదుట ఉన్నది కనిపించదు, మసి పేరుకుని కదిలే భాగాలు పట్టేస్తాయి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియే 1884లో పొగరాని మందును తయారు చేశాక, 1886 నుంచి ఫ్రెంచి సైన్యం, ఆ వెంటనే మిగిలిన దేశాలు దానికి మారాయి. మాగ్జిమ్ యంత్రం మొదట నల్లమందుతోనే పనిచేసినా, దాని పూర్తి శక్తి ఈ కొత్త మందుతోనే బయటపడింది.

వేడి ఎటు పోయింది

నాలుగు ప్రశ్నల్లో ఫొటో చదివేవారికి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఇదే, కాబట్టి దీని దగ్గర తీరికగా ఆగండి. మందు కాలినప్పుడు పుట్టే శక్తిలో ఒక భాగం మాత్రమే గుండును తోస్తుంది. మిగిలినదానిలో చాలా మటుకు వేడిగా మారి, అందులో కొంత గొట్టానికి పడుతుంది. ఒకే గొట్టం నుంచి వందల తూటాలు పేలితే ఇనుము ఎర్రబడి, లోపలి గాడులు అరిగి, గురి తప్పుతుంది. మన చేలకు నీళ్లు తోడిన పాత ఆయిల్ ఇంజను సిలిండరు చుట్టూ నీళ్లు పోసే తొట్టి ఉండేది, కొంతసేపు నడిచాక ఆ నీళ్లు మరిగి ఆవిరి లేచేది. మాగ్జిమ్ చేసిన ఏర్పాటు సరిగ్గా అలాంటిదే. గొట్టం చుట్టూ ఇంకో లావుపాటి గొట్టం తొడిగి, మధ్యలో నీళ్లు నింపాడు.

మాగ్జిమ్ నుంచే పుట్టి 1912లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చిన వికర్స్ తుపాకిలో ఈ తొడుగు సుమారు 4 లీటర్ల నీరు పడుతుంది. ఆపకుండా కాలిస్తే దాదాపు 600 తూటాలకు ఆ నీరు మరగడం మొదలవుతుంది. లేచే ఆవిరి తుపాకి ఉన్న చోటును శత్రువుకు చూపిస్తుంది కాబట్టి, ఆవిరిని రబ్బరు గొట్టం ద్వారా ఒక డబ్బాలోకి పంపి, అక్కడ చల్లబడిన నీటిని మళ్లీ వాడుకునేవారు. ఫొటోలో తుపాకి ముందు భాగం నుంచి ఒక గొట్టం కింది డబ్బాలోకి వెళ్తూ కనిపిస్తే అది ఈ ఏర్పాటే. మెసపొటేమియా (ఇప్పటి ఇరాక్) ఎడారిలో పనిచేసిన భారత దళాలకు మనిషి తాగే నీరు, పశువు తాగే నీరు, తుపాకి తాగే నీరు ఒకే నిల్వ నుంచి రావలసి వచ్చిందని గుర్తుంచుకుంటే, కాలువల మధ్య పెరిగిన మన డెల్టా మనిషికి అక్కడి సేవ ఎంత కఠినమో అర్థమవుతుంది.

ఇప్పుడు గుర్తులకు వద్దాం. తొడుగు మీద పొడవునా గాడులు పడి ముడతలుగా కనిపిస్తే అది బహుశా వికర్స్. తొడుగు నున్నగా ఉండి, తుపాకి నాలుగు కాళ్ల బండలాంటి పీట మీద కూర్చుంటే జర్మన్ల 1908 నమూనా మాగ్జిమ్. మన సైనికుల ఫొటోలో అది కనిపిస్తే, శత్రువు నుంచి చేజిక్కించుకున్నదై ఉండవచ్చు. చిన్న చక్రాల మీద, ముందు ఇనుప పలకతో ఉంటే రష్యన్ 1910 నమూనా. నీటి తొడుగు లేకుండా గొట్టం వెనుక భాగంలో లావుపాటి వలయాలు వరుసగా ఉంటే, గాలికి చల్లారేలా రూపొందించిన ఫ్రెంచి హాచ్‌కిస్. యానాం కుటుంబాల ఫొటోల్లో, ఫ్రెంచి సైన్యంలో చేరిన ఫ్రెంచి ఇండియా వాలంటీర్ల ఫొటోల్లో వెతకవలసింది దీన్ని, దీనితోపాటు అర్ధచంద్రాకారపు తూటాల పెట్టె కింద వేలాడే షోషా అనే తేలిక తుపాకిని. పొయ్యి గొట్టం లాంటి లావు తొడుగు, పైన గుండ్రటి పళ్లెం ఉంటే లూయిస్ గన్. ఆ లావు తొడుగు లోపల నీళ్లు ఉండవు. గొట్టం చుట్టూ అల్యూమినియం రెక్కలు ఉంటాయి.

తూటాలు అందే తీరు

ఈ ప్రశ్నకు జవాబు క్లుప్తంగానే చెప్పవచ్చు. మాగ్జిమ్, వికర్స్ తుపాకులకు 250 తూటాలు గుచ్చిన నేత పట్టీ ఒక పక్క పెట్టె నుంచి వస్తుంది, అది తడిస్తే బిగుసుకుంటుంది. హాచ్‌కిస్‌కు 24 లేదా 30 తూటాలు బిగించిన లోహపు పలక పక్క నుంచి దూరుతుంది. లూయిస్‌కు 47 తూటాల పళ్లెం. తూటాల పెట్టె వంకరగా తుపాకి పైన నిలబడి ఉంటే మాత్రం జాగ్రత్త పడండి. భారత సైన్యం ఫొటోలో అది 1930లలో వచ్చిన వికర్స్-బెర్తియేనో, ఆ తరువాతి బ్రెన్ గన్నో అయ్యే అవకాశమే ఎక్కువ. అప్పుడు ఆ ఫొటో ముత్తాతది కాక తాతది, రెండో యుద్ధపుది.

ఈ సందర్భంలో ఒక నియమం గట్టిగా పట్టుకోవాలి. ఆయుధాన్ని బట్టి ఫొటో ఎప్పటికంటే ముందుది కాదో చెప్పవచ్చు, ఎప్పటికంటే తరువాతిది కాదో చెప్పలేము. లూయిస్ గన్ ఉన్న భారత దళం ఫొటో 1914 నాటిది కాజాలదు. వికర్స్ ఉన్న ఫొటో మాత్రం 1915దీ కావచ్చు, 1944దీ కావచ్చు, ఎందుకంటే బ్రిటిష్ సైన్యం దాన్ని 1968 వరకు వాడింది. అలాంటప్పుడు యూనిఫాం, పటకా, నడుము పటీలు, ఫొటో వెనుక స్టూడియో ముద్ర చూసి నిర్ణయించాలి.

ఎవరు మోశారు, ఎక్కడ నిలబెట్టారు

ఆయుధం ఎంత గొప్పదైనా దాన్ని ఏ పనికి పెట్టాలో సైన్యాధికారులకు చాలా కాలం తెలియలేదు. ఫ్రెంచివారు 1860లలో రహస్యంగా తయారు చేసుకున్న మిత్రయూజ్ అనే తుపాకిలో 25 గొట్టాలు ఉండేవి. 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు దాన్ని ఫిరంగిలా చూసి, ఫిరంగుల వరుసలో దూరంగా నిలబెట్టారు. దానికంటే ఎక్కువ దూరం కొట్టగల ప్రష్యన్ ఫిరంగులు దాన్ని తేలికగా దెబ్బతీశాయి. కాల్బలం దగ్గరగా వచ్చిన కొన్ని చోట్ల మాత్రం, ఆగస్టు 18 నాటి గ్రావ్‌లోత్ యుద్ధంలో లాగా, అది భయంకరంగా పనిచేసింది.

ఆ తరువాతి ముప్పై ఏళ్లు ఈ ఆయుధం ప్రధానంగా వలసల్లో, దానికి దీటైన ఆయుధం లేని ప్రజల మీద పనిచేసింది. 1898 సెప్టెంబరు 2న సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్ దగ్గర మాగ్జిములు, రైఫిళ్లు, ఫిరంగులు కలిసి ఒక్క ఉదయంలో సుమారు 10,000 మందిని చంపాయి. బ్రిటిష్, ఈజిప్టు సైన్యంలో చనిపోయినవారు 50 మందికి లోపే. ఈ సంఖ్యలను ఆయుధం గొప్పతనానికి కొలతగా రాసే అలవాటు కొన్ని పుస్తకాల్లో ఉంది. మనం కూడా ఒక వలస ప్రజలమే కాబట్టి, ఎదుట నిలబడినవారి వైపు నుంచి కూడా ఆ వాక్యాన్ని రాయవలసిన బాధ్యత మనకు ఉందని నేను నమ్ముతాను. రెండు పక్షాల దగ్గరా మెషీన్ గన్లు ఉంటే ఏం జరుగుతుందో 1904-05 రష్యా-జపాన్ యుద్ధం చూపించింది. యూరప్ సైన్యాల ప్రతినిధులు దాన్ని దగ్గరుండి చూశారు, అయినా 1914లో బ్రిటిష్, భారత పదాతి బెటాలియన్‌కు రెండేసి మెషీన్ గన్లు మాత్రమే ఉండేవి.

ఆ రెండు తుపాకులకు ఎంత భారం పడిందో తెలియాలంటే ఖుదాదాద్ ఖాన్ కథ చదవండి. 129వ బలూచీ దళానికి చెందిన ఈ సిపాయి 1914 అక్టోబరు 31న బెల్జియంలోని హోలెబెకే దగ్గర తన దళం మెషీన్ గన్ జట్టులో ఉన్నాడు. జట్టు అధికారి గాయపడ్డాడు, ఒక తుపాకిని ఫిరంగి గుండు ధ్వంసం చేసింది, రెండో తుపాకి దగ్గర ఉన్న సహచరులందరూ చనిపోయేవరకు ఆయన గాయాలతోనే కాల్పులు సాగించాడు. శత్రువులు చనిపోయాడనుకుని వదిలేస్తే పాకుతూ తిరిగి వచ్చాడు. విక్టోరియా క్రాస్ పొందిన మొదటి భారతీయ సైనికుడు ఆయనే. మెషీన్ గన్ అంటే ఒక మనిషి ఆయుధం కాదని, అది ఒక జట్టు పని అని ఆ సంఘటన చెబుతుంది. వికర్స్ ఒక్కటే సుమారు 15 కిలోలు, దాని ముక్కాలి పీట 20 కిలోల పైన, ఆపైన నీళ్లు, తూటాల పెట్టెలు. మీ ఫొటోలో ఆయుధం చుట్టూ ఐదారుగురు ఉంటే, మీ ముత్తాత ఏ స్థానంలో ఉన్నాడో చూడండి: మీట దగ్గరా, పట్టీ అందించే పక్కనా, పెట్టెలు పట్టుకున్న వెనుక వరసలోనా?

మద్రాసు ప్రెసిడెన్సీ దళాల విషయంలో తూర్పు ఆఫ్రికాలోని టాంగా యుద్ధాన్ని తప్పక చూడాలి. 1914 నవంబరు మొదటి వారంలో అక్కడ దిగిన సేనలో 61వ పయొనీర్లు, 63వ పాలంకోట దళం ఉన్నాయి. జర్మన్ దళాల మెషీన్ గన్ కాల్పుల ముందు ఆ సేన నిలవలేక ఓడలెక్కి వెనక్కి వచ్చింది, తన మెషీన్ గన్లను కూడా ఒడ్డున వదిలేసింది. 1915 అక్టోబరులో బ్రిటిష్ సైన్యం మెషీన్ గన్లకే ప్రత్యేకంగా ఒక కోర్‌ను ఏర్పాటు చేసి, వికర్సులను దానికి అప్పగించి, ఒక మనిషి మోయగల, సుమారు 13 కిలోల లూయిస్ గన్లను బెటాలియన్లకు ఇచ్చింది. 1916 జులై 1న ఫ్రాన్సులోని సోమ్ దగ్గర ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యం 57,470 మందిని నష్టపోయింది, వారిలో చనిపోయినవారు 19,240. ఆ రోజు జర్మన్ మెషీన్ గన్లు చేసిన విధ్వంసం నిజమే. అయితే యుద్ధం మొత్తం మీద ఎక్కువ మందిని గాయపరచింది, చంపింది ఫిరంగులేనని కూడా రాయాలి.

ఫిరంగి కూడా వరసగా పేలినప్పుడు

ఫొటోలో గొట్టం మరీ లావుగా, గుండ్లు చేతి వేళ్లకంటే పెద్దవిగా ఉంటే అది ఆటోక్యానన్, అంటే తనంతట తాను వరసగా పేలే చిన్న ఫిరంగి, కావచ్చు. తూటాకూ దీనికీ తేడా గుండులోనే ఉంది. ఇది తగిలిన చోట పేలుతుంది. 1868 సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రకటన 400 గ్రాముల కంటే తక్కువ బరువు గల పేలుడు గుండ్లను యుద్ధంలో నిషేధించింది. ఆ హద్దుకు కాస్త పైన, దాదాపు ఒక పౌను బరువు ఉండేలా చూసుకుంటే గొట్టం వ్యాసం 37 మిల్లీమీటర్లు వస్తుంది. బెంజమిన్ హాచ్‌కిస్ 1870లలో ఐదు గొట్టాలతో, చేతిపిడితో చేసిన ఫిరంగి ఆ కొలతదే. టార్పెడో పడవలు దగ్గరికి రాకుండా యుద్ధనౌకలు వీటిని అమర్చుకున్నాయి. మాగ్జిమ్ తన యంత్రాన్నే అదే కొలతకు పెంచాడు. 1899లో దక్షిణాఫ్రికాలో మొదలైన బోయర్ యుద్ధంలో ఆ ఫిరంగులను మొదట వాడింది బోయర్లు. దెబ్బ తిన్నాకే బ్రిటిష్ సైన్యం తన దళాలకు వాటిని తెప్పించుకుంది.

విమానం వచ్చాక వీటి గురి ఆకాశం వైపు తిరిగింది. బ్రిటిష్ నౌకాదళం 1915 నుంచి 40 మిల్లీమీటర్ల వికర్స్ పాంపాం అనే ఫిరంగిని నౌకల మీద నిలబెట్టింది. జర్మనీలో బెకర్ సంస్థ చేసిన 20 మిల్లీమీటర్ల ఫిరంగి విమానాలకే ఎక్కింది, యుద్ధం తరువాత దాని పద్ధతి స్విట్జర్లాండుకు చేరి ఓర్లికాన్‌గా పేరు తెచ్చుకుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంతోపాటు మన కాకినాడ మీద కూడా దాడి చేశాయి. ఆ దాడి గురించి రాసేవారు, ఆ కాలపు నౌకల మీద కనిపించే ఓర్లికాన్, బోఫోర్స్ ఫిరంగులను ఈ వంశంలో చేర్చి చెబితే పాఠకుడికి దారి తెలుస్తుంది.

రికార్డుతో సరిచూడడం

ఆయుధాన్ని గుర్తించాక మనిషిని గుర్తించాలి. ఇంట్లో పతకం ఉంటే దాని అంచు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ అంచుల మీద సైనికుడి సంఖ్య, పేరు, దళం చెక్కి ఉంటాయి. వార్ మెడల్ సాధారణంగా వెండిది. అదే పతకం కంచుది దొరికితే ఆయన లేబర్ కోర్ వంటి సహాయక దళంలో పనిచేసి ఉండవచ్చు. అలాంటప్పుడు మెషీన్ గన్ కథను ఆయన మీద వేయకండి. రోడ్లు వేసి, రేవుల్లో బరువులు మోసినవారి సేవ తనంతట తానే రాయదగినది. చనిపోయినవారి పేర్లను కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డుల్లో ఉచితంగా వెతకవచ్చు. తెలుగు పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు తోచినట్టు రాశారు కాబట్టి, ఒకే పేరును పలు వర్ణక్రమాలతో ప్రయత్నించండి. 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక పాత సంచికలు దొరికితే, యుద్ధ వార్తలు మన వాళ్లకు ఏ రూపంలో చేరాయో తెలుస్తుంది. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికల కోసం విచారించడం మంచి ఆరంభం.

విన్న మాటను రికార్డు లేకుండా ఆయుధంతో అలంకరించకండి. జలియన్‌వాలా బాగ్‌లో మెషీన్ గన్లతో కాల్చారని చాలామంది రాస్తారు. 1919 ఏప్రిల్ 13న అక్కడ కాల్చింది 50 మంది సైనికులు, రైఫిళ్లతో, 1,650 తూటాలు. మెషీన్ గన్లు ఉన్న సాయుధ కార్లు ఇరుకు సందులో పట్టక బయటే ఉండిపోయాయి, పట్టి ఉంటే వాటిని వాడేవాణ్నేనని కాల్పులకు ఆజ్ఞ ఇచ్చిన అధికారి డయ్యర్ తానే విచారణలో ఒప్పుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే ఆ క్రూరత్వం పూర్తిగా కనిపిస్తుంది. అలాగే మన ఏజెన్సీలో 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి తీసుకున్నవి పోలీసు తుపాకులు. తరువాత వచ్చిన అస్సాం రైఫిల్స్ దగ్గర ఏమేమి ఉన్నాయో రాయాలంటే ఆనాటి ప్రభుత్వ నివేదిక చూసి రాయండి.

చివరగా ఫొటో కింద వివరణ రాసేటప్పుడు మూడు రకాల సమాచారాన్ని వేరు చేయండి. కంటికి కనిపిస్తున్నది మొదట రాయండి: గాడుల తొడుగు, ముక్కాలి పీట, ఆవిరి గొట్టం, ఐదుగురు మనుషులు. దాని నుంచి ఊహించినది తరువాత: వికర్స్ తుపాకి, 1912 తరువాతి ఫొటో. కుటుంబంలో విన్నది చివర, ఎవరు చెప్పారో, ఏ సంవత్సరంలో చెప్పారో జత చేసి రాయండి. ఫొటో వెనుక వైపును కూడా స్కాన్ చేసి, ఒక ప్రతిని మీ దగ్గరి గ్రంథాలయానికి ఇవ్వండి.